వంటాయన కంటే ముందే

కొత్తగా ఆస్ట్రేలియా వచ్చి క్లేటన్‌లో దిగుతున్న మన పిల్లల కోసం ఉద్యోగం గురించి ఏదైనా రాయమని చర్చిలో అడిగారు. రెజ్యూమె ఎలా రాయాలి, ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలి అని చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. చదువయ్యాక నేను చాలా ఏళ్ళు ఆఫీసుల్లో అకౌంట్స్ చూశాను, పాప పుట్టాక మానేశాను. అయినా నా ఉద్యోగం అని తలుచుకుంటే కళ్ళ ముందుకు వచ్చేది ఆ ఆఫీసులు కావు. యూనివర్సిటీలో ఉన్నప్పుడు ప్లేట్లు మోసిన ఒక చైనీస్ రెస్టారెంటు. పాప ఇప్పుడే పడుకుంది. దగ్గితే లేచి వెళ్ళి ఒళ్ళు వేడిగా ఉందేమో చూసి వస్తూ రాస్తున్నాను. అక్కడక్కడా తెగినట్టుంటే సర్దుకోండి.

చైనీస్ అంటే అప్పటికి నాకు తెలిసింది గుంటూరులో సాయంత్రం పూట వచ్చే బండి. పెద్ద మూకుడు, గరిటె మోత, మూతకి కన్నం పొడిచిన వెనిగర్ సీసా, ఆకుపచ్చ చిల్లీ సాసు. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా. ఇంతే చైనా. క్లేటన్‌లో మేము నలుగురు తెలుగు అమ్మాయిలం ఒక ఇల్లు తీసుకుని ఉండేవాళ్ళం. స్టేషన్ నుంచి ఇంటికి నడిచే దారి పొడుగునా చైనీస్ అక్షరాల బోర్డులే. ఏ ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టలేదు. మాకు అన్నీ ఒకటే.

పని కోసం తిరిగాను. కాఫీ కొట్లలో కాఫీ చేయడం వచ్చా అని అడిగారు, రాదు. ఒక ఇండియన్ రెస్టారెంటులో ట్రయల్ అని ఒక సాయంత్రం పని చేయించుకుని మళ్ళీ పిలవలేదు. అట్లా వస్తూ వస్తూ ఒక అద్దం తలుపు మీద మనిషి కావాలన్న కాగితం చూసి లోపలికి వెళ్ళాను. యజమానురాలికి యాభై ఏళ్ళుంటాయి. జుట్టు ముడిచి అందులో పెన్ను గుచ్చుకుని ఉంది. ఎక్కడ పనిచేశావు, ఏం చదువుతున్నావు, ఇవేమీ అడగలేదు.

"కారం తింటావా?" అంది.

"మాది గుంటూరు," అన్నాను.

ఆవిడ ఇంకా జవాబు కోసం చూస్తున్నట్టు నా మొహంలోకి చూసింది. గుంటూరు అంటే చాలు, ఇంక చెప్పక్కర్లేదు అనుకుని బతికినదాన్ని. ఆ పేరు అక్కడ ఎవరికీ ఏమీ చెప్పదని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక చిన్న గిన్నెలో పొడి తెచ్చింది. ఎండు మిరపకాయల్ని మాడీమాడనట్టు వేయించి దంచిన పొడి. వేలితో అద్దుకుని నాకాను. మా ఇంటి రోటి దగ్గర వాసన.

"మీ దగ్గర దీంట్లోకి ఏం వేస్తారు?" అంది.

"వెల్లుల్లి. ఉప్పు. అన్నంలో నెయ్యి."

"రేపు సాయంత్రం రా," అంది. అదీ నా ఇంటర్వ్యూ.

ఆమెది గుయ్‌జౌ అట. చైనాలో నైరుతి వైపు కొండల్లో ఉండే రాష్ట్రం. నేను వినలేదు. ఆవిడ గుంటూరు వినలేదు, లెక్క సరిపోయింది. అక్కడి వంట ఏమిటో వారం తిరిగేసరికి తెలిసింది. పులుపు, కారం. టమాటాలు, మిరపకాయలు కుండల్లో పులియబెట్టి, ఆ ఎర్రటి పులుసులో చేపలు ఉడికిస్తారు. నిమ్మగడ్డి వాసన లాంటి వాసనేసే ఒక నూనె చుక్కలు చివర్లో వేస్తారు. పచ్చి చేప వాసన వచ్చే ఒక వేరు ముక్కలు కోసి కారంలో కలుపుతారు. అది మాత్రం నాకు ఇప్పటికీ దిగదు. మంచూరియా ఎక్కడ అని మొదటి రోజు అడిగాను. అది ఏ ఊరి వంట అని వాళ్ళే నన్ను అడిగారు.

నాతోపాటు టేబుళ్ళు చూసే అమ్మాయిది షియాన్ అనే ఊరు, చైనాలోనే వాయవ్యం వైపు. మా యూనిలోనే వేరే కోర్సు. నాకన్నా ఏడాది ముందు వచ్చింది, అందుకని నాకు ఊరు చూపించడం తన బాధ్యత అనుకుంది.

"మీరందరూ కర్రీయేగా తినేది," అంది ఒకసారి.

"మీరందరూ నూడుల్సేగా," అన్నాను.

"ఏ నూడుల్స్?" అని మీదకొచ్చింది. "పద, ఆదివారం చూపిస్తాను."

ఆ ఆదివారం చర్చి అయ్యాక, చైనా వాళ్ళు ఎక్కువగా ఉండే బాక్స్ హిల్ వెళ్ళాం. వాళ్ళ ఊరివాళ్ళు నడిపే కొట్టు. పిండిని బెల్టంత వెడల్పున సాగదీసి, బల్లకేసి కొట్టి, ఉడకబెట్టి, పైన కారం, వెల్లుల్లి పెట్టి, దాని మీద కాగే నూనె చర్రుమని పోశారు. "ఇది తాలింపే," అన్నాను తెలుగులో. అర్థం చెప్పమంది. చెప్పాను. "మాది మొదటిది," అంది. "కాదు, మాది," అన్నాను. ఆ గొడవ ఇంకా తేలలేదు.

తర్వాత ఖాళీ దొరికినప్పుడల్లా ఒక రాష్ట్రం. చైనా ఈశాన్యం వాళ్ళ కొట్లో కారం అన్నదే లేదు, పులిసిన క్యాబేజీ, ఇంత లావు కుడుములు, ఇద్దరికి తెచ్చింది నలుగురు తినొచ్చు. సిచువాన్ కొట్లో పెదాలు మొద్దుబారి, నేను మాట్లాడుతున్నది నాకే వేరే ఎవరో మాట్లాడుతున్నట్టుంది. కాంటన్ వాళ్ళు చేపని ఆవిరి మీద ఉడికించి, అల్లం చీలికలు వేసి అట్లాగే పెట్టేశారు. "జబ్బుపడ్డవాళ్ళకా?" అని అడిగితే తను నవ్వి, "గట్టిగా అనకు, వాళ్ళకి ఇంగ్లీషు వచ్చు," అంది. షాంఘై వంట గురించి మాత్రం, "వాళ్ళు చక్కెర లేకుండా మంచినీళ్ళు కూడా తాగరు," అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఒక రోజు నన్ను ఇండియన్ రెస్టారెంటుకు తీసుకెళ్ళమంది. బటర్ చికెన్ తెచ్చారు. ఇది ఎట్లా చేస్తారు అంటే నాకు తెలియదన్నాను. మా ఇంట్లో ఎవరూ వండలేదు. "అయితే నువ్వూ నాలాగే కస్టమర్‌వి," అంది.

ఇదంతా చదివి ఈవిడ హాయిగా తిని తిరిగింది అనుకోకండి. అసలు విషయానికి వస్తున్నాను.

సాయంత్రం కస్టమర్లు రాకముందు సిబ్బంది అందరం కూర్చుని తినేవాళ్ళం. మధ్యలో తిరిగే అద్దం ఉన్న గుండ్రటి బల్ల. మెనూలో లేని కూరలు అప్పుడే వచ్చేవి. యజమానురాలు, పెద్ద వంటాయన, కూరగాయలు తరిగే కుర్ర వంటవాడు, గిన్నెలు కడిగే ముసలాయన, మేమిద్దరం. యజమానురాలిని నేను ఆంటీ అనేదాన్ని. వంటాయనకి ఇంగ్లీషులో వచ్చినవి టేబుల్ నంబర్లు, "హాట్", "తప్పుకో". ఆయన మాటే అక్కడ చట్టం. ఆంటీ కూడా ఆయన చెప్పినట్టే వినేది.

మధ్యలో కూరల గిన్నెలు. ఎవరి చాప్‌స్టిక్స్ పుల్లలతో వాళ్ళు తీసుకుంటారు, నోట్లో పెట్టుకుంటారు, అవే పుల్లలు మళ్ళీ గిన్నెలో పెడతారు.

నాకు ఎంగిలి.

మీలో చాలామందికి ఎంగిలి అంటే మడి, శుభ్రం. మా ఇంట్లో అది కాదు. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంట్లో గిన్నెలు కడిగేది. ఇంట్లోవాళ్ళు అందరూ తిన్నాక కంచాల్లో మిగిలిందంతా కలిపి, పెరటి గుమ్మం దగ్గర, ఆమె తీసుకెళ్ళిన సత్తు గిన్నెలో పైనుంచి వేసేవాళ్ళు. అదే కూలి, అదే కూడు. తర్వాత మిషన్ బళ్ళో ఆయాగా చేరింది, మా అమ్మని నర్సు చదివించింది. ఇంకొకరు నోరు పెట్టింది నా పిల్లలు తినరు అని ఒకటే మాట పెట్టుకుంది. మా అన్నయ్య కొరికిన జామకాయ నేను కొరికితే నోట్లోంచి తీయించింది. మా ఊరి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తీసుకునేటప్పుడు అందరికీ ఒకే పాత్ర పెడదామని పాస్టరు గారు అంటే, ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడి వద్దన్నది ఆమే. ఈ రోజుకీ ఎవరి చిన్న గ్లాసు వాళ్ళదే.

ఆ అమ్మమ్మ మనవరాలిని. ఆ బల్ల దగ్గర ఏం చేయాలో నాకు తోచిన ఉపాయం ఒకటే. ఎవరి పుల్లలూ పడకముందే నాకు కావాల్సింది తీసేసుకోవడం. గిన్నె బల్ల మీద పెట్టడం ఆలస్యం, చెంచాతో తీసి నా అన్నంలో వేసుకునేదాన్ని. రెండోసారి అడిగితే చాలు అనేదాన్ని. మొదటి రోజు ఒక్క క్షణం బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. మర్నాటి నుంచి వంటాయనే అద్దం తిప్పి గిన్నెలు నా ముందుకు వచ్చేట్టు చేసేవాడు. ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను. ఆంటీ ఇంటికెళ్ళేటప్పుడు డబ్బాల్లో అన్నం, కూర కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. నా గిన్నెలో తన పుల్లలతో ముక్కలు వేసేది. వాటిని అన్నం కింద దాచి, ఎవరూ చూడనప్పుడు పారేసేదాన్ని.

కొన్ని వారాలు గడిచాక ఒక రోజు బల్లలు తుడుస్తూ షియాన్ అమ్మాయి మెల్లిగా అడిగింది.

"మీ ఇంట్లో తినడానికి ఏమైనా ఉంటుందా?"

"ఎందుకుండదు? పప్పు, చారు, అన్నీ వండుకుంటాం."

"మరి? నువ్వు ఆకలితో ఉన్నావని ఆంటీ ఏడవడం ఒక్కటే తక్కువ. లేకపోతే వంటాయన కంటే ముందు ఎవరైనా ముట్టుకుంటారా? ఆయన పాపం, ఆకలి మీదున్న పిల్ల, ముందు తిననీ అన్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆకలిదాన్ని అనుకుంటున్నారనే సరికి ఉక్రోషం వచ్చి, అమ్మమ్మ సంగతి ఏమీ చెప్పకుండా, ఒకరు నోట్లో పెట్టుకున్న పుల్ల మళ్ళీ గిన్నెలో పెడితే మేము తినం, అందుకే ముందు తీసుకుంటాను అని చెప్పేశాను.

తను తుడవడం ఆపింది. "బాక్స్ హిల్‌లో నా గిన్నెలోంచి నీకు నూడుల్స్ పెట్టాను. కడుపు నిండిందన్నావు."

"అవును."

"నిండలేదన్నమాట."

నేను తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను.

"మేము మురికివాళ్ళమని ముందే చెప్తే సరిపోయేది కదా. ఇన్ని ఆదివారాలు తిప్పేదాన్ని కాదు," అని గుడ్డ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి షిఫ్టుకి వెళ్ళేసరికి అందరికీ తెలిసింది. తినే వేళకి గుండ్రటి బల్ల చుట్టూ ఐదు గిన్నెలే ఉన్నాయి. నా అన్నం, నా కూరలు ఒక పళ్ళెంలో విడిగా తీసి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి, క్యాష్ కౌంటరు పక్కన ఉన్న చిన్న బల్ల మీద పెట్టారు. ఎవరి పుల్లా తగల్లేదు. అందరి కంటే ముందు తీసింది. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

కూర్చుని తిన్నాను. వాళ్ళు అవతల మాట్లాడుకుంటున్నారు, నాకు వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి. విడిగా తీసి, మూత పెట్టి, దూరంగా ఉంచిన కూడు. ఎంగిలి తినకూడదని అంత జాగ్రత్తపడి చివరికి ఎక్కడికి వచ్చి కూర్చున్నానో అప్పుడు అర్థమైంది.

ఆ రోజు వెళ్ళేటప్పుడు ఆంటీ, "వచ్చే వారం షిఫ్టులు చూసి చెప్తాను," అంది. డబ్బా ఇవ్వలేదు. పర్మనెంటు కాని క్యాజువల్ పనిలో మానిపించడం అంటూ ఉండదు. చూసి చెప్తామంటారు, ఆ తర్వాత ఫోను రాదు. మీకూ ఆ మాట ఎక్కడో ఒక దగ్గర వినపడుతుంది, గుర్తుపెట్టుకోండి. ఆ వారంలో నాకు మిగిలింది శనివారం షిఫ్టు ఒక్కటే. అది పోతే ఇంటి అద్దెలో నా వాటా ఎట్లా అన్నది ఒక భయం. అంతకంటే, షియాన్ అమ్మాయి మొహం. ఆస్ట్రేలియాలో మా తెలుగువాళ్ళు కాక నన్ను పేరు పెట్టి పిలిచి, పద తిరుగుదాం అన్నది తను ఒక్కతే.

ఇంట్లో చెప్తే మిగతా ముగ్గురూ తేలిగ్గా తీసేశారు. "పోతే పోనీవే, వేరే పని చూసుకో. వాళ్ళ ఎంగిలి తినడమేంటి, ఛీ," అంది ఒకామె. ఆ ఛీ వినగానే నాకు ఒళ్ళు మండింది. మా అమ్మమ్మని చూసి కూడా ఎవరో ఇట్లాగే అని ఉంటారు.

శనివారం మళ్ళీ ఆ చిన్న బల్ల మీద మూత పెట్టిన పళ్ళెం ఉంది. తీసుకుని గుండ్రటి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"నేను చెప్పేది వాళ్ళకి చెప్తావా?" అన్నాను షియాన్ అమ్మాయితో.

"నువ్వే చెప్పు. ఆంటీకి ఇంగ్లీషు వచ్చుగా," అంది నా వైపు చూడకుండా.

"ఆయనకి రాదుగా," అన్నాను వంటాయన వైపు చూసి.

సరే అన్నట్టు కుర్చీ వెనక్కి జరిపింది. అమ్మమ్మ గురించి చెప్పాను. పెరటి గుమ్మం, సత్తు గిన్నె, పైనుంచి పోయడం, జామకాయ. నేను ఒక వాక్యం చెప్పడం, తను చైనీస్‌లో చెప్పడం. మొదట పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది. సత్తు గిన్నె దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. "మీరు మురికి అని కాదు. ఎవరో తిని వదిలింది తినకూడదని," అన్నాను.

వంటాయన అంతా విని, పుల్లలు కిందపెట్టి, ఏదో అడిగాడు. షియాన్ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ నాకు చెప్పింది.

"ఇన్ని వారాలుగా ముందు తిన్నది నువ్వు. మరి మేము తిన్నది ఎవరు వదిలింది, అని అడుగుతున్నాడు."

నాకు నిజంగా, నిజంగా ఒక్కసారి కూడా అట్లా తోచలేదు. ముందు ఆంటీ నవ్వింది, ఆ తర్వాత కుర్ర వంటవాడు. ఆయన మాత్రం నవ్వలేదు. ఇంకో మాట అన్నాడు. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు లేచాకే ఆడవాళ్ళు వంటింట్లో మిగిలింది తినేవాళ్ళట. వాళ్ళ అమ్మ బల్ల దగ్గర కూర్చుని తినడం ఆయన చూడలేదట. ఇంత చెప్పి కాలితో ఒక కుర్చీ బయటికి తోశాడు.

పళ్ళెం పట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ మొదలుపెట్టలేదు. దేనికోసం ఆగారో తెలియక చూస్తూ ఉన్నాను. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. గిన్నెలు కడిగే ముసలాయన రబ్బరు గ్లోవులు తీసి, చేతులు చొక్కాకి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. వంటాయన బల్ల చుట్టూ ఒకసారి చూసి, ఎర్రటి పులుసులోంచి, మర్యాదగా పెద్దవాళ్ళకి పెట్టే చేప తలకాయ తీసి ఆ ముసలాయన గిన్నెలో వేసి, పుల్లలు ఎత్తాడు. అప్పుడు అందరి చేతులూ ఒకేసారి ముందుకు వచ్చాయి. ప్రతి రోజూ ఇట్లాగే జరిగి ఉండాలి. నా కంచం నింపుకునే హడావిడిలో నేను తలెత్తి చూడలేదు.

నా పుల్లలూ పెట్టాను. సులువేమీ కాలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక మింగడానికి చాలాసేపు పట్టింది. షియాన్ అమ్మాయి ఓరకంటితో చూస్తోంది. మింగాను. రెండోది కొంచెం తేలికైంది. చేప మెత్తగా, పుల్లగా ఉంది, చింతపండు వేసినట్టు కాదు, ఇంకో రకం పులుపు. తను తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి నా అన్నం మీద పెట్టి, "కడుపు నిండిందా?" అంది.

"నోరు మూసుకుని తిను," అన్నాను తెలుగులో. అర్థం అడగలేదు.

పై వారం షిఫ్టుల్లో నా పేరుంది. కోర్సు అయ్యేదాకా అక్కడే చేశాను.

ఇది రాస్తుంటే మీలో ఎవరైనా, అయితే ఎంగిలి పట్టింపు వదిలెయ్యాలి అంటున్నావా అక్కా, అని అడగొచ్చు. నాకు తెలియదు. నా కూతురు కొరికి ఇచ్చిన బిస్కెట్ తింటాను. వేరే పిల్లలు తాగిన సీసా తను నోట్లో పెట్టుకుంటే పరిగెత్తుతాను. అమ్మమ్మ నాకు నేర్పింది తప్పు అని ఏ రోజూ అనుకోలేదు. కానీ ఆ శనివారం తర్వాత ఆమెకి ఏమని చెప్పాలో తెలియక చాలా భయపడ్డాను. ప్రతి ఆదివారం ఫోనులో అడిగే మొదటి ప్రశ్న ఏం తిన్నావనే. ఆమెకి అబద్ధం చెప్పలేను.

"చేపల పులుసు తిన్నాను అమ్మమ్మా. పనిచేసే చోట. అందరం ఒక గిన్నెలోనే తిన్నాం."

ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"ఒక గిన్నెలోనా?"

"అవును."

"ముందు ఎవరు తిన్నారే?"

"ఎవరూ ముందు కాదు. అందరం ఒకేసారి."

"గిన్నెలు కడిగే మనిషి?"

"ఆయన వచ్చి కూర్చునేదాకా ఎవరూ ముట్టుకోరు."

ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది.

"ఆయనకి ఏ ముక్క వేశారు?"

"తలకాయ."

"అయితే తిను," అంది అమ్మమ్మ.